సంతకం తోక

పశుసౌఖ్య శాఖ వెబ్‌సైట్‌లో ఆవులూ గేదెలూ ఉండాల్సిన చోట ఎవరో దుండగులు దూరి బట్టతల మందు ప్రకటన పెట్టి చాలాకాలమే అయింది. శాఖలో ఎవరికీ ఆ సంగతి తెలియదు. తెలియాలంటే ఎవరో ఒకరు ఆ వెబ్‌సైట్ తెరవాలి కదా! చివరికి డైరెక్టర్ గరుడాద్రి గారి బావమరిది ఆ మందు తెప్పించుకుని, సీసాలకు సీసాలు రాసుకుని, ఉన్న నాలుగు వెంట్రుకలూ ఊడగొట్టుకుని, ఒక పెళ్ళి భోజనాల దగ్గర "మీ శాఖ మందు ఏం బాగాలేదు బావా" అని నలుగురిలో అనేశాడు. అలా బయటపడింది.

గరుడాద్రి గారు ఊరుకునే మనిషి కాదు. వెంటనే ఒక పెద్ద హోటల్లో జరుగుతున్న సదస్సుకు వెళ్ళారు. జీడిపప్పు పకోడీ తింటూ ఒక ఉపన్యాసం విన్నారు. అందులోంచి "స్టాటిక్" అనే మాట ఒకటి వెంటబెట్టుకుని బెజవాడ తిరిగొచ్చారు. మర్నాడే సర్క్యులర్ వెలువడింది.

"యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, మన శాఖ వెబ్‌సైట్ ఇకమీదట సంపూర్ణ స్టాటిక్ విధానమున నడపబడును. సదరు విధానమనగా నేమియో త్వరలో తెలియజేయబడును."

ఆ తెలియజేసే పనికి దొరికిన మనిషి వకుళ. వెబ్‌సైట్లు కట్టడం చదువుకున్న పిల్ల, ఔట్‌సోర్సింగ్‌లో చేరింది. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం అంటే కుర్చీ శాఖది, జీతం కాంట్రాక్టరుది, తప్పు మాత్రం మన సొంతం.

మొదటి రోజే డైరెక్టర్ గారు పిలిపించి, స్టాటిక్ సైట్ జనరేటర్ అంటే ఏమిటో తనకు తెలిసినట్టే ముఖం పెట్టి అడిగారు. వకుళ కాసేపు ఆలోచించింది.

"ఇదివరకటి సైట్ దోసెల బండి సార్. ఎవరొచ్చి అడిగితే వాళ్ళకి అప్పటికప్పుడు పోసి ఇవ్వాలి. పెనం ఎప్పుడూ వేడి మీద ఉండాలి, వంటింటి తలుపు తెరిచే ఉండాలి. అందుకే ఎవడో దూరాడు. ఇప్పుడు మనం చేసేది ఇడ్లీ. మనం రాసి పెట్టుకున్న మామూలు ఫైళ్ళు పిండి అనుకోండి, టెంప్లేట్ ఇడ్లీ రేకు. ఒక్క కమాండ్ కొడితే జనరేటర్ సైట్ మొత్తాన్ని ఒకే వాయిలో దించేస్తుంది. ఎవరొచ్చినా తయారుగా ఉన్నది తీసి ఇవ్వడమే. తెరిచిన వంటిల్లే ఉండదు కనుక దూరడానికి చోటూ ఉండదు."

గరుడాద్రి గారికి ఇది తెగ నచ్చింది. ఆ వారం ఏ మీటింగ్‌లో మాట్లాడినా "మనది ఇడ్లీ శాఖ" అనడం మొదలుపెట్టారు. కింది ఉద్యోగులు కూడా అర్థమైనట్టు తలలూపారు. క్యాంటీన్‌లో దోసెలు ఆపేశారు.

వకుళ పని తెలిసిన మనిషి. గాలికుంటు టీకాల వివరాలు, దూడల పెంపకం, పశువైద్యుల జాబితా, అన్నీ ఫైళ్ళుగా రాసి, ఒక టెంప్లేట్ తయారు చేసి, కమాండ్ కొట్టింది. సైట్ తయారు. తెరిస్తే చటుక్కున తెరుచుకుంటోంది. వకుళకి నిజంగా సంతోషం వేసింది. చేసిన పని చక్కగా కుదిరితే ఎవరికైనా అంతే.

ఇక ప్రతి పేజీ అడుగునా రైతుల కోసం సహాయ కేంద్రం ఫోన్ నంబరు ఉండాలన్నారు. నంబరు రాసిన నోట్ ఫైల్ మెట్టు మెట్టూ ఎక్కి డైరెక్టర్ గారి బల్ల మీదికి చేరింది. ఆయన సంతకం ఆకుపచ్చ సిరాతో పెడతారు. దానికి పెద్ద తోక ఉంటుంది. ఆ తోక ఎటు తోస్తే అటు పోతుంది. ఆ రోజు అది నంబరు మీదుగా పోయి, చివరనున్న మూడుకి ఎడమ పక్కన గోడ కట్టేసింది. మూడు కాస్తా ఎనిమిదైంది. ఫెయిర్ కాపీ కొట్టిన టైపిస్టుకి అది తోక అని తెలుసు. డైరెక్టర్ గారి తోకని తోక అనడం తన హోదాకి మించిన పని అని కూడా తెలుసు. ఎనిమిదే కొట్టాడు. ఆ ఎనిమిది మీద అందరూ మళ్ళీ సంతకాలు పెట్టారు. వకుళ చేతికొచ్చింది ఆ కాపీయే. ఉన్నది ఉన్నట్టు ఎక్కించింది.

సైట్ ప్రారంభోత్సవం నాడు డైరెక్టర్ గారికి ఇంకో ఆలోచన వచ్చింది. పేజీ పెట్టడం ఇంత తేలికైతే ప్రతి అధికారీ వారానికో బ్లాగు రాయాలి! రాయని వారి ఇంక్రిమెంటు సంగతి ఆలోచించవలసి వస్తుంది. ఇంకేముంది, శాఖలో సాహిత్యం పొంగి పొర్లింది. ఒక డిప్యూటీ డైరెక్టర్ "లేగదూడ కళ్ళలో నేను చూసిన ప్రపంచం" అని పన్నెండు భాగాలు రాశాడు. ఒక అసిస్టెంట్ డైరెక్టర్ గడ్డి మీద మొదలుపెట్టి మూడో వాక్యంలో గరుడాద్రి గారి పాలనాదక్షత మీదికి వెళ్ళిపోయి మళ్ళీ గడ్డి దగ్గరికి రాలేదు. సైట్ చూస్తుండగానే వెయ్యి పేజీలు దాటిపోయింది. చదివేవాళ్ళు మాత్రం పెరగలేదు.

సహాయ కేంద్రం కింది అంతస్తులో ఉంది. ఇంచార్జి మన్మథరావు, ఆయన కింద నలుగురు, బల్ల మీద ఫోను. అది ఒక్కసారీ మోగలేదు. నెల తిరగ్గానే "పెండింగ్ ఫిర్యాదులు: లేవు" అని నివేదిక పంపితే వాళ్ళకి షీల్డు ఇచ్చారు. షీల్డు పక్కన ఫోను పెట్టుకుని వాళ్ళు హాయిగా ఉన్నారు.

ఒకరోజు మధ్యాహ్నం చేతిలో గుడ్డ సంచీ, ముఖం నిండా చెమటతో ఒకావిడ వకుళ గదిలోకి వచ్చింది.

"ఏవమ్మాయ్, గేదెల ఆఫీసు ఇదేనా?"

"అవునండీ. కూర్చోండి పిన్నిగారూ, ఏం కావాలి?"

"నా ఫోను నాకు కావాలి తల్లీ" అంది ఆవిడ కూలబడుతూ. "నా పేరు నాగరత్నం. మాది తణుకు. బస్టాండు పక్కన కర్రీ పాయింటు. మా ఆయన పోయాక ఆ పొయ్యి మీదే ఇద్దరు పిల్లల్ని చదివిత్తన్నాను. ఇప్పుడు పొద్దున్న లెగిసిన కాడ్నించి ఫోన్లే ఫోన్లు. ఒకాయన గేదె పాలు చేపడం లేదంటాడు. ఒకాయన ఈనింది గానీ మాయ పడలేదంటాడు. గుత్తొంకాయ కూర మాడిపోతంది ఇక్కడ! కూరల ఆర్డరు చెప్పేవోళ్ళకేమో లైను దొరకదు. మా వీధి చివర నర్సింగ్ హోమ్ వోళ్ళు రోజూ ఇరవై మందికి భోజనం చెప్పేవోళ్ళు, ఎప్పుడు చేసినా బిజీ అని మానేశారు."

"మా సహాయ కేంద్రానికి చెప్పలేదా పిన్నీ?"

"చెబుదామనే చేశానమ్మా! మీ సైటు కింద నంబరుంటే దానికి కొట్టాను. బిజీ అని వత్తంది. ఇదేం ఖర్మరా అని చూత్తే, అది నా నంబరే!"

వకుళ నంబరు చూసింది. పాత నోట్ ఫైల్ తెప్పించి చూసింది. ఆకుపచ్చ తోక కనబడింది. నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది.

"రెండు నిమిషాల పని పిన్నీ. ఇప్పుడే మార్చేస్తాను" అంది.

కానీ ఆ మాట గది బయట వెళుతున్న పరిపాలనాధికారి పరాంకుశం గారి చెవిన పడింది. ముప్పై ఏళ్ళ సర్వీసులో రెండు నిమిషాల్లో అయ్యే పనిని ఆయన ఎన్నడూ చూడలేదు, చూడనివ్వలేదు కూడా. లోపలికొచ్చి, "ఏది మారుస్తున్నారమ్మా?" అన్నారు. ఆ సాయంత్రానికల్లా సమావేశం ఏర్పాటైంది.

సమావేశంలో వకుళ తెర మీద చూపిస్తూ ఉత్సాహంగా చెప్పింది. "ఈ నంబరు ఒక్క ఫైల్‌లోనే ఉంటుంది సార్. అక్కడ అంకె మార్చి కమాండ్ కొడితే చాలు, అన్ని పేజీల్లోనూ దానంతట అదే మారిపోతుంది."

ఇది ఆ జనరేటర్‌లోని గొప్ప సౌకర్యం. గొప్పగానే చెప్పింది పాపం.

"దానంతట అదే?" అన్నారు పరాంకుశం గారు. "ఎవరి ఆమోదంతో?"

"నా బ్లాగు కూడా మారుతుందా?" అన్నారు డైరెక్టర్ గారు, గుండె మీద చెయ్యి వేసుకుని.

"మీరు రాసింది మారదు సార్. అడుగున నంబరు ఒక్కటే."

"అది కాదమ్మా నేనడిగేది. పాత పేజీ పోయి కొత్త పేజీ పుడుతుందా, లేదా? సూటిగా చెప్పు" అన్నారు పరాంకుశం గారు.

వకుళకి అబద్ధం చెప్పడం చేతకాదు. "పుడుతుంది సార్. కమాండ్ కొట్టిన ప్రతిసారీ సైట్ అంతా మళ్ళీ మొదటి నుంచి తయారవుతుంది."

పరాంకుశం గారు కుర్చీలో వెనక్కి వాలారు. "విన్నారా సార్! ఇడ్లీలు కొత్తవి. నిన్నటి ఇడ్లీల మీద పెట్టిన సంతకం ఇవాళ్టి ఇడ్లీలకు ఎలా చెల్లుతుంది? సదరు వెయ్యి పైచిలుకు పేజీలూ నూతనముగా జారీ అగుచున్న ప్రభుత్వ పత్రములు. ఒక్కొక్క దానికీ ఆమోదం కావలసిందే."

"సార్, వేరే ఏ అక్షరమూ మారలేదని కంప్యూటరే చూపిస్తుంది."

"చూపిస్తుంది సరే. రేపు ఆడిట్ వాళ్ళు అడిగితే కంప్యూటర్ సంతకం పెడుతుందా?"

"మరి అసలు మూడు ఎనిమిది ఎలా అయింది?" అని వెనక వరసలోంచి ఎవరో అడిగారు. అందరూ డైరెక్టర్ గారి వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డారు. "ఆ అంశము ఈ సమావేశ పరిధిలోనికి రాదు" అన్నారు పరాంకుశం గారు. తీర్మానం అయిపోయింది. మార్పు ఎంత చిన్నదైనా, అన్ని పేజీల మీదా సంతకాలయ్యేవరకు కమాండ్ కొట్టరాదు.

ఇక చూడండి. సైట్‌లోని పేజీలన్నీ ప్రింట్ తీశారు. వరండాలో కట్టలు కట్టలుగా పేర్చారు. ప్రతి పేజీ కిందా దాన్ని రాసినవారు "చూచితిని, మారలేదు" అని రాసి సంతకం పెట్టాలి. తరువాత సూపరింటెండెంట్, తరువాత పరాంకుశం గారు, తరువాత డైరెక్టర్ గారు. రాసినవాళ్ళలో సగం మంది బదిలీ అయిపోయారు. వాళ్ళ బ్లాగులు రిజిస్టర్డ్ పోస్టులో వెళ్ళాయి. ఒకాయన సంతకం పెట్టేముందు చదివి, శైలి నచ్చక మొత్తం తిరగరాసి పంపాడు. దాంతో మారలేదనే ధ్రువీకరణ చెల్లక ఆ పేజీ మళ్ళీ మొదటికొచ్చింది. లేగదూడ కళ్ళలో ప్రపంచాన్ని చూసిన డిప్యూటీ డైరెక్టర్ గారు పాపం ఆ మధ్యే కాలం చేశారు. పన్నెండు భాగాలకూ వారసుల సంతకం కావాలన్నారు. ఆయన కొడుకు వారసత్వ ధ్రువపత్రం కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. తండ్రి ఆస్తి ఏదో ఉందనుకున్నాడు గానీ దూడలని తెలియదు.

ఇంత జరుగుతున్నా వారం వారం బ్లాగులు రాయమన్న ఉత్తర్వు అమల్లోనే ఉంది. కొత్త బ్లాగులు సైట్‌లోకి ఎక్కవు, కట్టల్లోకి మాత్రం చేరుతున్నాయి. సంతకాలు అయిన పేజీల కంటే కావలసిన పేజీలే ఎక్కువవుతున్నాయి.

ఒక ఆదివారం వకుళ మనసు ఉండబట్టక తణుకు వెళ్ళింది. నాగరత్నం చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని పప్పులో తాలింపు వేస్తోంది.

"మాయ పడకపోతే లాగకండి బాబూ, లాగితే ప్రమాదం. మీ మండలం డాక్టరు గారి నంబరు చెబుతాను రాసుకోండి" అని గోడకేసి చూసి చదివింది. గోడ మీద బొగ్గుతో పశువైద్యుల నంబర్లు రాసి ఉన్నాయి.

"పెట్టేయకూడదా పిన్నీ ఫోను?" అంది వకుళ.

"ఎలా పెట్టేత్తాం అమ్మాయ్? అవతలోడు ఏడుత్తన్నాడు. ఒక్క గేదె ఉంటది వాడికి." తాలింపు మాడింది. నాగరత్నం గరిటె పక్కన పడేసి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మా చంటిదానికి కాలేజీ ఫీజు కట్టాలి. పొయ్యి ఇలా ఆరిపోతే ఏం చేసేది?"

వకుళకి ఒళ్ళు మండిపోయింది. సోమవారం అందరూ భోజనాలకు వెళ్ళిన వేళ, ఎనిమిదిని మూడు చేసి కమాండ్ కొట్టేసింది. సైట్ మొత్తం కొత్తగా తయారవడానికి ఆవలింత తీసేంత సేపు కూడా పట్టలేదు.

అంతలోనే కింది అంతస్తులో కలకలం. మన్మథరావు మెట్లన్నీ పరుగున ఎక్కి పరాంకుశం గారి గదిలో పడ్డాడు.

"సార్! మా ఫోన్ మోగుతోంది సార్!"

"ఎందుకు?"

"తెలియదు సార్. ఎవరో గేదె గురించి అడుగుతున్నారు."

విచారణకు ఆట్టే సమయం పట్టలేదు. వకుళ ఒప్పేసుకుంది. సైట్ పాత రూపాలన్నీ భద్రంగా ఉంటాయనీ, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తిప్పవచ్చనీ తనే గతంలో గొప్పగా చెప్పి ఉంది. పరాంకుశం గారికి ఆ సౌకర్యం ఒక్కటి మాత్రం బాగా గుర్తుంది. "వెనక్కి తిప్పు" అన్నారు. దగ్గరుండి తిప్పించారు. "అనధికారికముగా నిజమును ప్రచురించినందులకు మీపై ఏల చర్య తీసుకొనరాదో తెలుపుడు" అని మెమో కూడా చేతికిచ్చారు. ఇంకోసారి ఇలా చేస్తే ఉద్యోగం ఉండదన్నారు.

మెమోకి జవాబు రాస్తూ వకుళ నాగరత్నం గోడు మొత్తం ఎక్కించింది. అది చదివి పరాంకుశం గారికి ఒక మహత్తరమైన ఆలోచన తట్టింది. పేజీని మార్చడం కష్టం. నంబరుని మార్చడం కష్టం. మనిషిని మార్చడం ఏం కష్టం? చివర ఎనిమిదున్న నంబరుని ఆవిడ శాఖకి ఇచ్చేస్తే సైట్‌లో ఉన్నదే నిజమైపోతుంది. బదులుగా శాఖ వారి మూడు నంబరుని ఆవిడకి ఇస్తారు. ఒక్క సంతకమైనా అక్కర్లేదు, ఆవిడ వేలిముద్ర చాలు!

నాగరత్నం ఫోను చేతిలోకి తీసుకుని చూసుకుంది. ఆ నంబరు మొగుడు బతికుండగా కొన్నది. కొట్టు బోర్డు మీదా, క్యారేజీల మీదా, ఊళ్ళో అందరి ఫోన్లలోనూ అదే ఉంది. "పోనీ తీసుకోండి బాబూ" అంది చివరికి. "మనశ్శాంతన్నా ఉంటది."

ఫోను కంపెనీ వాళ్ళు నంబర్లు మార్చారు. నాగరత్నం బోర్డుకి మళ్ళీ రంగు వేయించడానికి పెయింటర్‌ని మాట్లాడుకుంది, ఊరంతా తిరిగి కొత్త నంబరు చెప్పుకొచ్చింది. నర్సింగ్ హోమ్ వాళ్ళు సోమవారం నుంచి భోజనాలు మళ్ళీ పంపమన్నారు. వకుళ ఆ రాత్రి కడుపు నిండా తిని నిద్రపోయింది.

కానీ కింది అంతస్తు సంగతి మరిచిపోయాం. ఇప్పుడు శాఖ ఫోనుకే ఎనిమిది నంబరు వచ్చింది కదా, పొద్దస్తమానం మోగుతోంది. మన్మథరావుకి తిన్నది ఒంటబట్టడం లేదు. పెండింగ్ ఫిర్యాదులు గుట్టలుగా పడ్డాయి. షీల్డు వెనక్కి ఇచ్చేయాల్సి వస్తుందేమోనని భయం పట్టుకుంది. అప్పుడు ఆయన దృష్టి వరండాలోని కట్టల మీద పడింది. ఎనిమిదిని మూడుగా మార్చే ఫైల్ ఇంకా బతికే ఉంది! దాన్ని ఆపమని ఎవరూ చెప్పలేదు. సైట్‌లో మూడు పడితే ఫోన్లు ఇక్కడికి రావు!

ఆ తరువాత శాఖ చరిత్రలో ఎన్నడూ లేనంత వేగంగా పని జరిగింది. మన్మథరావు సొంత ఖర్చుతో జిల్లాలు తిరిగి సంతకాలు పట్టుకొచ్చాడు. తహసీల్దారు దగ్గర కూర్చుని వారసత్వ ధ్రువపత్రం తెచ్చాడు. నెలల తరబడి పాకిన ఫైల్ రెక్కలు కట్టుకుని డైరెక్టర్ గారి బల్ల మీద వాలింది.

వకుళ పరాంకుశం గారి దగ్గరికి పరుగెత్తుకెళ్ళింది. "సార్, ఇప్పుడు ఆ మూడు నంబరు నాగరత్నం గారిది! మార్చకూడదు సార్!"

"ఆ విషయము ఈ ఫైల్‌లో లేదు" అన్నారు పరాంకుశం గారు. "కావాలంటే వేరే ఫైల్ పెట్టుకో. ఇన్ని సంతకాలైన ఫైల్‌ని ఆపే అధికారం నాకే కాదు, ఎవరికీ లేదు."

సమావేశ మందిరంలో కొబ్బరికాయ కొట్టారు. కమాండ్ కొట్టనని వకుళ చేతులు కట్టుకుని నిలబడితే, డైరెక్టర్ గారే స్వహస్తాలతో మీట నొక్కారు. అంకె మార్చి, అది నొక్కితే చాలేట్టు ఇదివరకే అమర్చి పెట్టింది కూడా వకుళే. చప్పట్లు మోగాయి. పరాంకుశం గారు కళ్ళు ఒత్తుకున్నారు. చప్పట్లు ఆగకముందే వకుళ ఫోను మోగింది.

"అమ్మాయ్" అంది నాగరత్నం. గొంతులో కోపం కూడా లేదు. "ఇప్పుడే ఒకాయన చేశాడు, గేదె మేత ముట్టట్లేదంట. ఏమైందమ్మా మళ్ళీ? పెయింటరు నిన్ననే వచ్చాడు, బోర్డు మీద రంగింకా ఆరలేదే తల్లీ!"

ఇంతలో పరాంకుశం గారు ఒక కాగితం పట్టుకొచ్చి బల్ల మీద పెట్టారు.

"ఈ శుభసందర్భం మీద డైరెక్టర్ గారు బ్లాగు రాశారు. వెంటనే సైట్‌లో పెట్టు."

"అన్ని పేజీలకూ మళ్ళీ సంతకాలు కావాలి కదా సార్?" అంది వకుళ.

"ఆయన బ్లాగుకి ఆమోదం ఇవ్వాల్సింది ఎవరు? ఆయనే కదా! దీన్ని అత్యవసర సేవగా పరిగణిస్తున్నాం. మిగతావి ఇవాళే ఆమోదం పూర్తయిన పేజీలు. సాయంత్రం దాకా చెల్లుతాయి."

"అయితే కమాండ్ కొట్టమంటారు."

"కొట్టమంటున్నాను."

వకుళ కూర్చుంది. డైరెక్టర్ గారి బ్లాగు శ్రద్ధగా టైపు చేసింది. "ఒక అంకె కోసం మహాయజ్ఞం" అని దాని పేరు. చివర్లో ఆయన ఫోటో పెట్టింది. ఆ తరువాత పేజీల అడుగున వచ్చే నంబరున్న ఫైల్ తెరిచి, మూడుని మళ్ళీ ఎనిమిది చేసింది. రెండూ కలిపి ఒకే వాయిలో దించేసింది. సైట్ అంతా ఎప్పటిలాగే మొదటి నుంచి తయారైంది.

కిందనుంచి అడుగుల చప్పుడు వినబడటానికి ఎంతోసేపు పట్టలేదు. మన్మథరావు ఎగశ్వాస దిగశ్వాసలతో గుమ్మంలో నిలబడ్డాడు. "మళ్ళీ మోగుతోంది సార్!"

పరాంకుశం గారు తెర మీద నంబరు చూశారు. వకుళ వైపు చూశారు. ముఖం కందగడ్డ అయింది.

"ఎవరు మార్చారు ఇది?"

"నేనే సార్."

"వెనక్కి తిప్పు!"

"తిప్పుతాను సార్. తిప్పితే డైరెక్టర్ గారి బ్లాగు పోతుంది. పోయినా ఫర్వాలేదని మీరు కాగితం మీద రాసి ఇవ్వండి."

"అంకె ఒక్కటే మార్చు!"

"అంకె ఒక్కటే మార్చాలంటే అన్ని పేజీలకూ సంతకాలు కావాలి సార్. తీర్మానం మీరే రాశారు."

పరాంకుశం గారు కలం తీశారు. మూత విప్పారు. పక్క గదిలోంచి గరుడాద్రి గారి గొంతు వినబడుతోంది, ఫోనులో తన బావమరిదికి ఆ బ్లాగు చదివి వినిపిస్తున్నారు. చాలా ఆనందంగా చదువుతున్నారు. పరాంకుశం గారు కాసేపు ఆ గొంతు విని, కలం మూత మళ్ళీ పెట్టేసి జేబులో పెట్టుకున్నారు.

"మన్మథరావ్" అన్నారు నీరసంగా. "వెళ్ళి ఆ ఫోన్ ఎత్తు."